ఒక ఎకరపు ఎండ: ఇంధనపు పైరా, సౌరఫలకమా?

మానవుడు వినియోగించు శక్తిలో అధిక భాగమునకు మూలము సూర్యుడే. వంటచెరకు, ఎద్దుల బలము, బొగ్గు, పెట్రోలు, గాలిమర, జలవిద్యుత్తు - వీనిలో దేని పుట్టుకను వెదకినను చివరకు సూర్యకాంతియే కనబడును. పరమాణుశక్తి మొదలగు కొన్నిటిని మాత్రమే ఇందుండి మినహాయింపవలెను. అయితే ఈ కాంతి ఒకచోట ప్రోగుపడి దొరకదు. నేలయంతట పలుచగా పరచుకొని పడును. బొగ్గును త్రవ్వుటకు ఒక గని చాలును గాని, ఎండను పట్టుటకు పొలమువంటి విశాలమైన స్థలము కావలెను. కావున ఎండనుండి ఇంధనమును తీయదలచిన ఏ ప్రణాళికను పరీక్షించునపుడైనను మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఒక ఎకరమునుండి ఎంత శక్తి చేతికి వచ్చును?

2021 జూన్ 5వ తేదీన, ప్రపంచ పర్యావరణ దినమునాడు, పెట్రోలులో ఇథనాల్‌ను కలుపుటకు సంబంధించిన 2020-25 మార్గసూచి విడుదలయైనది. నీతి ఆయోగ్, పెట్రోలియం మంత్రిత్వశాఖల పక్షమున ఒక నిపుణుల సంఘము దీనిని తయారుచేసినది. నూరు లీటర్ల ఇంధనములో 20 లీటర్లు ఇథనాల్ ఉండవలెనను లక్ష్యమును 2030 నుండి 2025-26 సంవత్సరమునకు జరిపి, దానిని చేరుటకు మార్గమేదియో ఇది వివరించినది. ఆ లక్ష్యము 2025లో నెరవేరినది. ఇప్పుడు ఏ పెట్రోలు బంకు వద్ద వాహనము నిలిపినను అందు పోయబడునది ఆ మిశ్రమమే. కావున దీని వెనుకనున్న లెక్కలను ఉపాధ్యాయులును విద్యార్థులును పరిశీలించి చూచుట అవసరము.

నివేదికలోని మంచి

మొదట దీని సుగుణములను చెప్పవలెను. లక్ష్యమునకు కావలసిన ఇథనాల్ 1,016 కోట్ల లీటర్లని, అందు 550 కోట్ల లీటర్లు చెరకునుండియు, 466 కోట్ల లీటర్లు ధాన్యములనుండియు రావలెనని ఇది స్పష్టముగా విభజించి చూపినది. తన వాదమునకు ప్రతికూలమైన అంకెలను దాచలేదు. పాత రకపు నాలుగు చక్రముల వాహనములలో ఈ మిశ్రమమును వాడినచో లీటరుకు నడిచెడి దూరము నూటికి 6, 7 వంతులు తగ్గవచ్చునని ఒప్పుకొన్నది. చెరకునుండి ఒక లీటరు ఇథనాల్ తయారగుటకు సుమారు 2,860 లీటర్ల నీరు ఖర్చగునని కూడ తెలిపినది. ప్రభుత్వ పత్రమొకటి తన సరుకు ఖరీదును ఇంత నిజాయితీతో చెప్పుట మెచ్చుకొనదగినది.

లోపము మరియొకచోట ఉన్నది. ఈ నివేదిక ఇథనాల్‌ను పెట్రోలుతో తూచినది. విదేశములకు పోవు డబ్బెంత మిగులును, పొగ యెంత తగ్గును అను ప్రశ్నలకు జవాబు చెప్పినది. కాని అదే నేలపై అదే ఎండను మరియొక విధముగా పట్టినచో ఎంత శక్తి లభించునను పోలికను ప్రధానముగా తీసికొనలేదు. లీటర్లతో లెక్క చెప్పినది, ఎకరములతో చెప్పలేదు. ఆ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థి నల్లబల్లపై చేయగలిగినంత సులభమైనది.

చెరకు తోట లెక్క

రాయలసీమవంటి ప్రాంతములో ఒక చదరపు మీటరు నేలపై దినమునకు సగటున 5 యూనిట్లకు తక్కువ కాని సూర్యశక్తి పడును. విద్యుత్ మీటరులో కనబడు యూనిట్టే ఈ యూనిట్టు. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. సంవత్సరమునకు 365 దినములు. ఈ మూడింటిని గుణించినచో ఒక ఎకరముపై సాలీన సుమారు 74 లక్షల యూనిట్ల ఎండ పడుచున్నదని తేలును.

ఈ ఎకరములో చెరకు వేసిరనుకొనవలెను. దేశపు సగటు దిగుబడి ఎకరమునకు సుమారు 32 టన్నులు. అందు నూటికి 70 వంతులు నీరు. మిగిలిన ఎండు పదార్థములో నిలువయున్న శక్తి సుమారు 45 వేల యూనిట్లు. అనగా పడిన ఎండలో నూటికి 0.6 వంతు మాత్రమే గడలో చేరినది. ఆ గడను ఆడించి, రసమును ఈస్టుచేత పులియబెట్టి, బట్టీ పట్టినచో టన్నుకు 70 లీటర్ల చొప్పున 2,240 లీటర్ల ఇథనాల్ వచ్చును. లీటరు ఇథనాల్‌లోని శక్తి సుమారు 5.9 యూనిట్లు. కావున ఎకరపు ఫలితము 13,200 యూనిట్లు. ఇది పడిన ఎండలో నూటికి 0.18 వంతు, మరియొక విధముగా చెప్పినచో పదివేల పాళ్లలో 18 పాళ్లు.

ఇంత తక్కువ ఏల? చెరకు సోమరి మొక్క కాదు. కిరణజన్య సంయోగక్రియలో అది ఆరితేరినది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును వరి, గోధుమల కంటె నేర్పుగా పట్టుకొనెడి మార్గమొకటి మొక్కలలో ఉన్నదని శాస్త్రజ్ఞులకు తెలిసినది చెరకు ఆకు వలననే. 1960 దశకమున హవాయిలో కోర్చాక్, ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ చేసిన పరిశోధనల ఫలితమది. అయినను పత్రహరితము ఎండలోని కిరణములన్నిటిని వాడుకొనలేదు. సుమారు సగము మాత్రమే దానికి పనికివచ్చును. ఆ సగములోను కొంత చక్కెర తయారగు దశలలో ఖర్చగును, కొంత మొక్క శ్వాసక్రియకు పోవును. అన్నియు అనుకూలించినను ఇటువంటి మొక్క నూటికి 6 వంతులు దాటజాలదని, వరివంటి మొక్క 4.6 వంతులు దాటజాలదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఇక పొలములో లేత మొక్కగా ఉన్న నెలలలో సగము ఎండ నేలపాలగును. నీటి ఎద్దడి, తెగులు, ఎరువు కొరత తమ వంతు తీసికొనును. మొక్క తన శరీరమును తానే కట్టుకొని, తన గాయములను తానే మాన్పుకొని, సంతానమును నిలుపుకొనవలెను. ఇంజనుకు ఇంధనము నిచ్చుట దాని పని కాదు.

సౌరఫలకపు లెక్క

వాడుకలో సోలార్ ప్యానెల్ అని పిలువబడు సౌరఫలకమున ఈ మెట్లు లేవు. కాంతికణము సిలికాన్ స్ఫటికముపై పడినపుడు అందలి ఎలక్ట్రానును కదిలించును; అదియే విద్యుత్ప్రవాహమగును. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైన తొలి సిలికాన్ ఘటము ఎండలో నూటికి 6 వంతులను విద్యుత్తుగా మార్చినది. నేడు అంగడిలో దొరకు ఫలకములు 20 వంతులను దాటినవి. ఒకే పొర గల ఘటమునకు సుమారు మూడవ వంతు వద్ద హద్దు కలదని 1961లో షాక్లీ, క్వైసర్ చూపిరి.

అయితే ఫలకముయొక్క సామర్థ్యము వేరు, పొలముయొక్క సామర్థ్యము వేరు. ఒక వరుస నీడ మరియొక వరుసపై పడకుండ ఎడము విడువవలెను. బాటలు, యంత్రశాలలు కావలెను. కర్నూలు ప్రాంతమున గని, శకునాల గ్రామముల వద్ద 2017లో పనిచేయ నారంభించిన 1,000 మెగావాట్ల సౌర ఉద్యానము సుమారు 5,900 ఎకరములను ఆక్రమించినది. మెగావాటుకు దాదాపు 6 ఎకరములన్నమాట. మబ్బులు, రాత్రులు పోను, యంత్రము సంవత్సరములో అయిదవ వంతు కాలము మాత్రమే పూర్తి బలముతో పనిచేసిన దానికి సమానమైన ఫలితము నిచ్చుననుకొన్నను మెగావాటుకు 17.5 లక్షల యూనిట్లు వచ్చును. ఎకరమునకు సుమారు 2.9 లక్షల యూనిట్లు. పడిన ఎండలో ఇది నూటికి 4 వంతులు.

చెరకు పక్షమున చెప్పవలసిన మాట ఒకటి కలదు. పిప్పిని మండించి మిల్లులు విద్యుత్తును తీయుచున్నవి. టన్ను చెరకునకు 100 యూనిట్ల చొప్పున అమ్మకమునకు మిగిలినదనుకొని 3,200 యూనిట్లు కలిపినను చెరకు ఎకరపు మొత్తము 16,400 యూనిట్లే. సౌరఫలకముల ఎకరము దానికి 17 రెట్లకు మించిన శక్తి నిచ్చుచున్నది.

పోలిక ఇక్కడితో ముగియదు. ప్రయాణికునకు కావలసినది పీపాలోని ఇంధనము కాదు, చక్రము తిరుగుట. ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే చక్రమునకు చేరును. తక్కినది వేడియై పోవును. ఇథనాల్ ఎకరమునుండి చక్రమునకు అందునది 3,300 యూనిట్లు. విద్యుత్ వాహనమున తీగలలోని నష్టము, బ్యాటరీలోని నష్టము, మోటారులోని నష్టము అన్నియు తీసివేసి నూటికి 60 వంతులే చేరుననుకొన్నను 1,74,000 యూనిట్లు అందును. తేడా 50 రెట్లకు పైబడినది.

ఈ అంకెను దేశమునకు అన్వయించి చూడవచ్చును. 1,016 కోట్ల లీటర్లను పూర్తిగా చెరకు రసమునుండియే తీయవలసివచ్చినచో సుమారు 45 లక్షల ఎకరములు కావలెను. అంతే పనిని చక్రముల వద్ద చేయుటకు కావలసిన సౌరఫలకముల నేల సుమారు 86 వేల ఎకరములు. వాస్తవమున ఇథనాల్ యావత్తు రసమునుండి రాదు. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌నుండియు, నూకలనుండియు కొంత వచ్చును. కావున మొదటి అంకె కొలబద్దయే గాని జరిగిన లెక్క కాదు. అయినను ఆ కొలబద్ద నివేదికలో ఉండవలసినది.

నీరు, వాన, దాణా

నివేదిక చెప్పిన 2,860 లీటర్ల నీటిని ఎకరమునకు అన్వయించినచో దాని బరువు తెలియును. 2,240 లీటర్ల ఇథనాల్‌కు 64 లక్షల లీటర్ల నీరు కావలెను. ఆ నీటిని ఎకరమంతట పరచి నిలిపినచో లోతు ఒకటిన్నర మీటరును మించును. అనంతపురము ప్రాంతమున సంవత్సరమున కురియు వాన సుమారు 55 సెంటీమీటర్లు. అనగా ఒక పంటకు దాదాపు మూడేండ్ల వాన కావలెను. సౌరఫలకములపై పడిన దుమ్మును కడుగుటకు నీరు కావలసినను, అది ఇందుతో పోల్చదగినది కాదు.

వానపై ఆధారపడిన ఇంధనము వాన తప్పినపుడు ఏమగునో 2023లో దేశము చూచినది. ఋతుపవనములు బలహీనపడిన ఆ సంవత్సరము జూలైలో ఆహార సంస్థ గిడ్డంగుల బియ్యమును ఇథనాల్ బట్టీలకు ఇచ్చుట ఆగిపోయినది. డిసెంబరు 7న చెరకు రసమును ఇథనాల్‌కు మళ్లించుటపై ప్రభుత్వము ఆంక్ష విధించినది. తరువాత ఆ కట్టుబాట్లు సడలినను, అన్నమా, చక్కెరయా, ఇంధనమా అను ప్రశ్న వచ్చినపుడు ఏది వెనుకకు పోవలసియుండునో అప్పుడు బయటపడినది.

నీటి చిక్కును విడదీయుటకై నివేదిక మొక్కజొన్నవంటి పంటల వైపు మొగ్గినది. మొక్కజొన్నకు నీరు తక్కువయే. కాని దేశపు సగటు దిగుబడి ఎకరమునకు 1.4 టన్నులు, టన్నునకు 380 లీటర్ల చొప్పున వచ్చు ఇథనాల్ 530 లీటర్లు. చెరకు ఎకరముతో సమానముగా ఇంధనము రావలెనన్న నాలుగు ఎకరముల మొక్కజొన్న కావలెను. నీటిని పొదుపు చేయబోయి నేలను ఖర్చు చేసినట్లగును. బట్టీల గిరాకీ పెరిగిన తరువాత, ఒకప్పుడు మొక్కజొన్నను ఎగుమతి చేసిన దేశము 2024లో దిగుమతి చేసికొన్నది. మొక్కజొన్న కోళ్ల దాణాకు ముఖ్యమైన సరుకు. కోళ్ల పరిశ్రమ విస్తరించియున్న తెలుగు రాష్ట్రములకు ఇది దూరపు వార్త కాదు.

నివేదిక పక్షపు సమాధానములు

ఇట్టి విమర్శకు నివేదికను సమర్థించువారు మూడు సమాధానములు చెప్పగలరు. వానిని తేలికగా త్రోసివేయరాదు.

మొదటిది: రోడ్లపై ఇప్పుడున్న కోట్ల కొలది వాహనములు విద్యుత్తుతో నడువవు, ద్రవ ఇంధనమునే కోరును. ఇది నిజము. కాని వాహనము పదునైదేండ్లలో మారిపోవును. దాని కొరకు కట్టిన బట్టీ, దానికై మరలిన పంట అంత సులభముగా మారవు. తాత్కాలికమైన అవసరమునకు శాశ్వతమైన ఏర్పాటు చేయుచున్నపుడు ఆ ఏర్పాటు ఎప్పుడు, ఎట్లు తగ్గవలెనో కూడ చెప్పవలెను. నివేదిక చూపు 2025 దగ్గర ఆగినది.

రెండవది: మొలాసిస్, పాడైన ధాన్యము, వరిగడ్డి వంటి వానినుండి తీసిన ఇథనాల్‌కు వేరుగా నేల అక్కరలేదు. ఇదియు నిజమే, ఇథనాల్‌కు అత్యంత బలమైన సమర్థనము ఇదియే. పానిపట్టులో 2022లో ప్రారంభమైన కర్మాగారము సంవత్సరమునకు 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయుటకు ఉద్దేశింపబడినది. పొలములో తగులబెట్టెడి గడ్డి ఇంధనముగా మారుట మేలు. కాని 1,016 కోట్ల లీటర్ల ముందు 3 కోట్లు ఎంత? ఇట్టి కర్మాగారములు వందల కొలది వచ్చువరకు భారము పంటలపైననే పడును.

మూడవది రైతుకు సంబంధించినది. చెరకునకు కేంద్రము నిర్ణయించిన ధర 2025-26 కాలమునకు క్వింటాలుకు 355 రూపాయలు. 32 టన్నులకు 1,13,600 రూపాయలు. ఖర్చులు పోవలసియున్నను, నీరున్న భూమిలో ఇది చిన్న మొత్తము కాదు. చక్కెర పేరుకొనిపోయి మిల్లులు బకాయిలు పెట్టినపుడు ఇథనాల్ అమ్మకము రైతు చేతికి డబ్బు చేర్చుటకు తోడ్పడినది. శక్తిలెక్కలో ఓడిన పైరు రైతు లెక్కలో గెలువవచ్చునని ఇందువలన తెలియుచున్నది. అయితే ఆ గెలుపు ఇథనాల్‌కు ప్రభుత్వము కట్టిన ధరపై ఆధారపడినది. నేల గుణముపై కాదు.

ఫలకముల పక్షపు లోపములు

ఏబది రెట్ల అంకెను చేతబట్టి పొలములన్నిటిని ఫలకములతో కప్పవలెననువారి వాదము కూడ పరీక్షకు నిలువదు. కాగితముపై ఎకరములన్నియు సమానము, ఊరిలో కావు. కాలువక్రింది మాగాణి ఒకటి, బోరు ఎండిపోయిన మెట్ట మరియొకటి. మాగాణిని కప్పినచో పోవునది అన్నము. అంత అవసరమును లేదు. పైన చెప్పిన 86 వేల ఎకరములు కర్నూలు ఉద్యానమువంటివి 15 మాత్రమే. వానిని మెట్టలలో, బీడులలో చూచుకొనవచ్చును.

మెట్టనేల కూడ ఖాళీ నేల కాదు. అనంతపురమునకు పొరుగున కర్ణాటకలో, తెలుగు మాటలాడువారు అధికముగా గల పావగడ తాలూకాలో 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర ఉద్యానము వెలసినది. అక్కడ భూమిని కొనలేదు. ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయల కౌలుకు, రెండేండ్ల కొకసారి నూటికి 5 వంతులు పెంచు ఒప్పందముపై రైతులనుండి తీసికొన్నారు. తరచుగా కరవుపాలగు ప్రాంతమున భూమి గలవానికి ఇది నిలకడైన రాబడి. భూమియు అతని పేరనే ఉండును. కాని ఆ భూమిలో కలుపు తీసి కూలి సంపాదించినవారికి, గట్టున గొఱ్ఱెలు మేపుకొన్నవారికి ఒప్పందములో చోటు లేదు. ఎకరమునకు యూనిట్లు లెక్కగట్టువారు ఎకరమునకు కూలిదినములు కూడ లెక్కగట్టవలెను. ఆ లెక్క వేయని సౌర ప్రణాళిక, ఎకరముల లెక్క వేయని ఇథనాల్ ప్రణాళిక వలెనే అసంపూర్ణము.

రాత్రి మాట కూడ కలదు. ఇథనాల్‌ను పీపాలో ఆరునెలలు నిలువచేయవచ్చును. మధ్యాహ్నపు విద్యుత్తును సాయంకాలమునకు నిలుపుటకే బ్యాటరీయో జలాశయమో కావలెను. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములోని 150 మెగావాట్ల ఆరు యంత్రములు నీటిని తిరిగి పైకి తోడగల రకమువి. పగటి విద్యుత్తును రాత్రికి దాచుటకు ఇట్టి సాధనములు ఇంకను కావలెను. వాని ఖర్చును ఫలకముల ఖాతాలో వ్రాయుట న్యాయము.

రెండును కలిసిన పొలము

పైరా, ఫలకమా అను ప్రశ్నకు ప్రతిచోటను ఒకదానిని విడువవలసిన పని లేదు. ఫలకములను ఎత్తుగా, ఎడముగా నిలిపి క్రింద పంట వేయవచ్చునని 1980 దశకపు ఆరంభముననే జర్మనీకి చెందిన గోయెట్జ్‌బెర్గర్, జాస్త్రోవ్ సూచించిరి. ఆ దేశములోనే హెగెల్‌బాఖ్ అను పొలమున 2016 నుండి దీనిని పరీక్షించిరి. ఎండ మిక్కుటమైన 2018లో ఫలకముల క్రింది బంగాళదుంప విడి పొలముకంటె నూటికి 11 వంతులు అధికముగా పండినది. పశుగ్రాసమగు క్లోవరు మాత్రము 8 వంతులు తగ్గినది. నీడ కొన్ని పైర్లకు చుట్టము, కొన్నిటికి శత్రువు. జర్మనీ ఎండ రాయలసీమ ఎండ కాదు గనుక వేరుసెనగ, కూరగాయలు, పశుగ్రాసము వంటి వానిపై ఇక్కడి పొలములలోనే పరీక్షలు జరుగవలెను. 2019లో ఆరంభమైన కుసుమ్ పథకము చిన్న సౌర కేంద్రములను రైతు భూమిలో నెలకొల్పుటకు అవకాశమిచ్చినది. ఇట్టి మిశ్రమ పొలములలో కూలికి పని మిగులును, రైతుకు రెండు రాబడులుండును.

మొత్తముమీద ఇథనాల్ మార్గసూచి తాను వేసికొన్న ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పిన పత్రము. పెట్రోలులో ఇరువది వంతులు కలుపుట ఎట్లు అనునది ఆ ప్రశ్న. అంతకు ముందు వేయవలసిన ప్రశ్నను, అనగా నేలను, నీటిని, ఎండను ఏ పనికి వినియోగించుట మేలు అనుదానిని, అది విడిచిపెట్టినది. తరువాతి ప్రణాళిక వ్రాయువారు ప్రతి ఇంధనమునకు ఎదురుగా నాలుగు అంకెలు వ్రాసినచో చర్చ సులభమగును: ఎకరమునకు చక్రము వద్ద అందు యూనిట్లు, వాడిన నీరు, పోయిన ఆహారము, మిగిలిన కూలిదినములు. మొదటి అంకెలో ఫలకము గెలుచును. నాలుగవదానిలో పైరు గెలువవచ్చును. వ్యర్థములనుండి తీసిన ఇథనాల్ రెండవ, మూడవ అంకెలలో నిర్దోషి.

ఉపాధ్యాయులు ఈ నాలుగు అంకెల పట్టికను తరగతిలో తమ ఊరి పంటలతోనే వేయింపవచ్చును. దిగుబడిని రైతు చెప్పును. ఎకరము వైశాల్యము, యూనిట్టు విలువ పాఠ్యపుస్తకమున కలవు. కూలిదినములను ఇంటివద్ద అడిగి తెలిసికొనవచ్చును. ఊరి పొలములను ఇంధనపు పైరుకో ఫలకములకో అడుగుటకు ఎవరైన వచ్చిననాడు ఆ పట్టిక గ్రామసభలో పనికివచ్చును.